కొండల్లో దగ్గు: కోరాపుట్, రాయగడల్లో క్షయ కథ

క్షయనూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌నూ వైద్యులు చాలాకాలం విడదీసి చూడలేకపోయారు. 1810లో ఫ్రెంచి వైద్యుడు బేల్ శవపరీక్షల ఆధారంగా క్షయను ఆరు రకాలు చేసి, అందులో ఒకదాన్ని క్యాన్సర్ క్షయ అన్నాడు. తర్వాత వియన్నాలో రోకిటాన్‌స్కీ దీనికి పూర్తి విరుద్ధంగా, ఈ రెండు రోగాలకూ పొత్తు కుదరదన్నాడు. 1882లో కోచ్ క్షయ క్రిమిని చూపించాక రెండూ వేరని తేలింది. కానీ 1939లో జర్మనీలో ఫ్రీడ్రిక్, ఊపిరితిత్తుల్లోని పాత మచ్చల దగ్గర పుట్టిన క్యాన్సర్లను వర్ణించడంతో రెండింటికీ సంబంధం ఉందా అన్న పాత ప్రశ్న మళ్లీ లేచింది. ఆ మచ్చల్లో కొన్ని క్యాన్సర్ వల్లే ఏర్పడతాయని తర్వాతివారు చెప్పారు గానీ, ప్రశ్న మాత్రం పోలేదు. ఈ కొండల్లోనూ అది ఎదురవుతుంది.

కోరాపుట్, రాయగడ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒడిశాలో చేరేదాకా విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో భాగం, జయపురం జమీందారీ నేల. రాయగడ వేరే జిల్లా అయింది 1992లో. ఇక్కడికి వచ్చిన దొరలు, గుమాస్తాలు అన్నిటికంటే ఎక్కువగా భయపడింది మన్యపు జ్వరానికి, అంటే మలేరియాకి. 1914లో పెర్రీ అనే వైద్యుడు జయపురం కొండల మలేరియా మీద పరిశీలన వెలువరించాడు. జ్వరం మనిషిని వారంలో పడగొడుతుంది కాబట్టి లెక్కకెక్కుతుంది. ఏళ్ల తరబడి తినే దగ్గు అంత త్వరగా కంటపడదు.

అప్పట్లో క్షయకు మందు విశ్రాంతి, మంచి గాలి, తిండి. తెలుగునాట పేరున్న శానటోరియం 1915లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో తెరిచారు. పోడు నరికి చోళ్లు చల్లుకునే కోదు గిరిజన రైతు అక్కడికెళ్లి నెలలపాటు మంచంమీద పడుకోవడం జరిగే పని కాదు. ఆ చిక్కు విప్పింది మద్రాసు. అక్కడి కీమోథెరపీ కేంద్రం ఇంట్లో ఉండి మందు వాడినవాళ్లనూ శానటోరియంలో ఉన్నవాళ్లనూ పోల్చి, ఇద్దరికీ దాదాపు ఒకేలా నయమవుతోందని 1959లో చూపించింది. కొండవాసులకు అంతకంటే మేలు చేసిన పరిశోధన మరొకటి దొరకడం కష్టం. అప్పటికే 1954లో డెన్మార్క్ వైద్యురాలు లిస్ మాడ్‌సెన్ నియమగిరి పాదాల దగ్గర బిస్సంకటక్‌లో క్రైస్తవ ఆసుపత్రి మొదలుపెట్టారు. 1962లో జాతీయ క్షయ నివారణ కార్యక్రమం వచ్చింది.

క్రిమి ఒక్కటే కాదు, పొగ కూడా ఈ కథలో ఉంది. కిందికి వాలిన చూరు, కిటికీ లేని గోడ. తడి కట్టె రాజుకునేదాకా పొగ గదిలోనే సుడి తిరుగుతుంది. అంబలి ఉడికేదాకా పొయ్యి ముందు కూర్చునేది ఆడమనిషి, ఒళ్లో పిల్ల. పైన వాసాలు నూనె పూసినట్టు నల్లగా నిగనిగలాడతాయి. దానికి తోడు ఒడిశాలో పికా అనే ఆకుచుట్ట. పొగాకు క్షయ ముప్పునూ పెంచుతుంది, క్యాన్సర్ ముప్పునూ పెంచుతుంది. అందుకే రెండు రోగాలూ ఒకే మనిషిలో కనిపిస్తే, నేరం క్షయదా పొగదా అన్న అనుమానం న్యాయమైనదే.

2009లో లియాంగ్ బృందం నలభైకి పైగా అధ్యయనాలను కలిపి చూసింది. క్షయ వచ్చినవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు రానివారికంటే సుమారు 1.7 రెట్లు. ఎన్నడూ పొగ తాగనివారిలోనూ అది సుమారు 1.8 రెట్లు. కాబట్టి నెపమంతా పొగాకు మీదికి నెట్టలేం. ఏళ్లపాటు వాపు ఆరక, పుండు మాని మచ్చకట్టే చోట కణాలు పదేపదే విభజన చెందుతాయి. ఆ తొందరలో జన్యువుల్లో తప్పులు పేరుకుంటాయన్నది బలమైన వివరణ. అలాగని క్షయ వచ్చిన ప్రతివారికీ క్యాన్సర్ వస్తుందని కాదు, అత్యధికులకు రాదు.

అసలు నష్టం చాలాసార్లు గుర్తింపులో జరుగుతుంది. ఎడతెగని దగ్గు, కఫంలో రక్తం, చిక్కిపోవడం రెండింటికీ ఉన్నవే. క్షయ ఎక్కువగా ఉన్నచోట ఎక్స్‌రేలో నీడ కనిపిస్తే ముందు తట్టేది క్షయే. అసలు రోగం క్యాన్సరైతే తప్పుడు మందుతో నెలలు గడుస్తాయి. కోరాపుట్ వాళ్లలో చాలామందికి పెద్దాసుపత్రి అంటే కిరండూల్ లైను రైలెక్కి చేరే విశాఖే. అయితే 2017లో కోరాపుట్‌లోనే స్వాతంత్ర్య సమరయోధుడు లక్ష్మణ్ నాయక్ పేరిట వైద్య కళాశాల మొదలైంది. కఫంలో క్రిమి దొరక్కుండా రక్తం పడుతుంటే, మందు వాడినా నీడ తగ్గకపోతే, అదే కోర్సు మళ్లీ మొదలుపెట్టేముందు సీటీ స్కాన్, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించాలి.