గడప దగ్గర ఆగే చీపురు

కోనసీమలో రోబో చీపురు చరిత్రను యంత్రంతో మొదలుపెడితే రెండు పేజీల్లో అయిపోతుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇళ్ళలో ఈ గుండ్రటి పళ్ళెంలాంటి సామాను తిరగడం కొత్త సంగతి, అదీ ఏ కొద్ది ఇళ్ళలోనో. నేలతో మొదలుపెడితే మాత్రం చెప్పుకోవడానికి బోలెడుంది. అది తిరగాలంటే ముందు నేల నున్నబడాలి. ఆపైన ఊడ్చే మనిషి దొరకడం కష్టం కావాలి. ఈ రెండింటిలోనూ గల్ఫ్ ప్రయాణానికి పాలుంది.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టాలో పంట నిలదొక్కుకుంది. కలిగినవాళ్ళు మండువా లోగిళ్ళు కట్టుకున్నారు, లేనివాళ్ళు తాటాకిళ్ళలోనే ఉన్నారు. నేల మాత్రం చాలాకాలం ఇద్దరిదీ మట్టే. పేడ కలిపి అలికిన నేలకు ఒక గుణం ఉంది: దుమ్మును పైకి లేవనివ్వదు, అడుగున పట్టి ఉంచుతుంది. కాకపోతే నాలుగు రోజులకోసారి మళ్ళీ అలకాలి. రోజూ తెల్లవారుజామున వాకిలి ఊడవాలి, కళ్ళాపి జల్లాలి, ముగ్గు పెట్టాలి. బయటికి కొబ్బరి ఈనెల చీపురు, లోపలికి మన్యం నుంచి దిగే కొండచీపురు. ఒకటి పెరట్లో పుట్టేది, రెండోది సంతలో కొనుక్కునేది. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఈనాటికీ కొండచీపుర్లు సేకరించి అమ్ముతోంది.

ఈ పని ఎవరు చేసేవారన్నది దాటేసి పోకూడదు. లోపల ఇంటి ఆడవాళ్ళు చేసుకునేవారు. పశువుల పాక, దొడ్డి, వాకిలి మాత్రం చాలా ఊళ్ళలో మాలమాదిగ పేటల నుంచి వచ్చే స్త్రీల చేతి మీద నడిచేవి. వాకిలి శుభ్రం చేసిన మనిషికి గడప లోపలికి అనుమతి ఉండేది కాదు. కోనసీమలో ఇంటి శుభ్రం గురించి రాసేవాళ్ళు ఎర్రమట్టి గడప మీద పసుపూ కుంకుమా గురించి మురిపెంగా రాస్తారు. ఆ గడప ఎవరెవరిని ఆపిందో రాసేవాళ్ళు తక్కువ.

నేల మారడం మెల్లగా జరిగింది. సున్నం గచ్చు, తర్వాత సిమెంటు గచ్చు, తర్వాత నాపరాళ్ళు, మొజాయిక్, చివరికి మార్బుల్, గ్రానైట్, టైల్స్. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కొబ్బరి తోటలతో పాటు తాటాకిళ్ళనూ, పెంకుటిళ్ళనూ లెక్కలేనన్ని నేలకూల్చింది. అది చూసినవాళ్ళకు స్లాబు ఇల్లు సోకు కాదు, ప్రాణానికి పూచీ. అయితే స్లాబుకు డబ్బెక్కడిది? చాలా ఇళ్ళకు అది కువైట్ నుంచి, మస్కట్ నుంచి, దుబాయ్ నుంచి వచ్చింది.

మనవైపు వ్యాసాల్లో గల్ఫ్ అనగానే తాపీమేస్త్రీలూ డ్రైవర్లూ కనిపిస్తారు. కోనసీమ గల్ఫ్ కథలో సగం ఆడవాళ్ళది. రాజోలు దీవి నుంచి, పి.గన్నవరం, మలికిపురం, ముమ్మిడివరం వైపుల నుంచి ఇంటిపనికి వెళ్ళినవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇంటిపనికి వెళ్ళిన ఆడమనిషిని అక్కడ ఖద్దామా అంటారు. ఆ మాట ఇప్పుడు మన ఊళ్ళలో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. ముప్పై ఏళ్ళు నిండని ఆడవాళ్ళను అక్కడికి ఇంటిపనికి పంపకూడదని కేంద్రం నిబంధన పెట్టింది. విజిట్ వీసాల మీద దొంగదారిన పంపే ఏజెంట్లు దాన్ని ఏనాడూ లెక్కచేయలేదు. ఇంటిపనివారి హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఒక ఒడంబడిక చేసింది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. కువైట్ 2015లో చట్టం చేసి రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, వారానికో సెలవు ఇవ్వాలని రాసుకుంది. నాలుగు గోడల మధ్య అది ఎంతవరకు నడుస్తుందో వెళ్ళి వచ్చినవాళ్ళనే అడగాలి.

అక్కడి ఇళ్ళలో తివాచీలుంటాయి, వాటి కోసం వాక్యూం క్లీనర్లుంటాయి. అంటే కోనసీమలో ఆ యంత్రాన్ని ముందుగా చేతబట్టినవాళ్ళలో పట్నం దొరసానుల కంటే తాటాకింట్లోంచి బయల్దేరిన ఆడవాళ్ళే ఎక్కువ అయివుంటారు. వాళ్ళు పంపిన డబ్బుతో ఇక్కడ టైల్స్ పరిచారు. వాళ్ళు వెళ్ళిపోవడంతో ఇక్కడ పాచిపనికి మనిషి కరువైంది.

వాక్యూం క్లీనర్ పుట్టుక కూడా తివాచీ కోసమే. 1901లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ లండన్‌లో చేసిన యంత్రం ఎంత పెద్దదంటే, గుర్రబ్బండి మీద వీధిలోనే ఉండేది. గొట్టాలు మాత్రం కిటికీల్లోంచి ఇంట్లోకి వెళ్ళేవి. ఎడ్వర్డ్ రాజు పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబే తివాచీలు దానితోనే శుభ్రం చేశారు. మన దేశంలో 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ టై కట్టుకున్న కుర్రాళ్ళను ఇంటింటికీ పంపి అమ్మించింది. పరుపు మీద యంత్రం నడిపి, నల్లగుడ్డ మీద పడ్డ దుమ్ము చూపించి గృహిణిని భయపెట్టడం వాళ్ళ విద్య. కొన్న ఇళ్ళలో అది దీపావళికీ సంక్రాంతికీ బయటికి తీసి మళ్ళీ అటక ఎక్కించే సామానుగానే మిగిలింది. కారణం సోమరితనం కాదు. ఊడ్చిన తర్వాత తడిగుడ్డ పెట్టకపోతే మనకు ఇల్లు శుభ్రమైనట్టే కాదు. దుమ్ము పీల్చడం ఒక్కటే తెలిసిన యంత్రం మనకు సగం పనిమనిషి.

రోబో అంటే మనవాళ్ళకు చాలాకాలం 2010 నాటి రజనీకాంత్ సినిమాలోని చిట్టే. వంట చేస్తుంది, దోమలతో మాట్లాడుతుంది, వంద మందిని కొడుతుంది. నిజం రోబో అంతకు చాలా ముందే, ఏ మొహమూ లేకుండా వచ్చింది. 2001లో స్వీడన్‌కు చెందిన ఎలక్ట్రోలక్స్ ట్రైలోబైట్‌ను అమ్మకానికి పెట్టింది. గబ్బిలంలా శబ్ద తరంగాలతో దారి చూసుకునేది. ఖరీదు ఎక్కువ కావడంతో జనంలోకి పోలేదు. మరుసటి ఏడాది అమెరికాలో ఐరోబాట్ కంపెనీ రూంబాను 200 డాలర్లకు తెచ్చింది. దాని వెనక ఎంఐటీ ఆచార్యుడు రోడ్నీ బ్రూక్స్ ఆలోచన ఉంది. ఆయన 1989లో ఆరుకాళ్ళ పురుగులాంటి రోబో చేశాడు. లోకం పటం తలలో పెట్టుకుని ఆలోచించే యంత్రం కాదు, తగిలితే తిరిగే, గొయ్యి వస్తే ఆగే యంత్రం చాలన్నాడు. అందుకే తొలి రూంబా గది కొలతలేమీ ఎరగదు. గోడకు కొట్టుకుంటూ, సుడులు తిరుగుతూ, తాగినవాడిలా నడిచేది. అయినా రెండేళ్ళలో పది లక్షలు అమ్ముడుపోయింది. 2010 నాటికి లేజర్‌తో గది పటం గీసుకునే రకాలు వచ్చాయి.

మన దగ్గర తలుపు తెరిచింది మాత్రం తడిగుడ్డే. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, షావోమీ కంపెనీ ఊడ్చి తుడిచే రోబోను 17,999 రూపాయలకు మన దేశంలో ప్రకటించింది. పనిమనిషి గేటు దాటి రాలేని రోజులవి. అప్పటిదాకా నవ్వులాటగా చూసినవాళ్ళు కూడా ధర అడగడం మొదలుపెట్టారు. కోనసీమకు ఇవి ఎక్కువగా పిల్లల ద్వారానే చేరుతున్నాయి. హైదరాబాదులోనో డల్లాస్‌లోనో ఉన్న కొడుకూ కోడలూ, పెద్ద ఇంట్లో ఇద్దరే ఉన్న పెద్దవాళ్ళకు ఆర్డరు పెట్టి పంపుతారు. యాప్ మాత్రం కొడుకు ఫోన్‌లోనే ఉంటుంది.

వచ్చాక అసలు పరీక్ష. ఈ యంత్రాలు మామూలుగా రెండు సెంటీమీటర్ల ఎత్తు ఎక్కగలవు. కోనసీమ ఇంటి గడప అంతకు మూడు నాలుగింతలు. కాబట్టి రోబో ఏ గదిలో పెడితే ఆ గదికే పరిమితం. మెట్ల మీంచి పడకుండా దాని అడుగున పరారుణ కాంతి కళ్ళుంటాయి. కాంతి తిరిగి రాకపోతే గొయ్యి అనుకుంటుంది. చీమకుర్తి నల్ల గ్రానైట్ ఆ కాంతిని మింగేయగలదు. ముచ్చటపడి వేయించిన హాలు మధ్యలో యంత్రం అగాధం చూసినట్టు వెనక్కి తిరుగుతుంది. దేవుడి గదిలో బియ్యప్పిండి ముగ్గు దానికి దుమ్మే. దీపాలు పెట్టాక ఊడవకూడదన్న నియమం యాప్‌లో పెట్టుకోవచ్చు, ఆ మాటకొస్తే మనుషుల కంటే రోబోయే ఆ నియమం బాగా పాటిస్తుంది. వానాకాలం బురదకాళ్ళతో వచ్చిన ఇంట్లో మాత్రం దానికి పని చెప్పకపోవడమే మేలు.

మనిషి లేని శుభ్రం అని కంపెనీలు చెప్పే మాట కూడా పూర్తి నిజం కాదు. ఇది కుర్చీ, ఇది చెప్పు, ఇది వైరు అని యంత్రం గుర్తుపట్టాలంటే వేల ఫొటోల మీద ఎవరో పేర్లు రాయాలి. రూంబా పరీక్షా యంత్రాలు 2020లో తీసిన ఇళ్ళలోపలి ఫొటోలు, బాత్రూంలో ఉన్న ఒకామె ఫొటోతో సహా, వెనిజులాలో ఆ పని చేసే కూలీల చేతుల మీదుగా బయటికి పొక్కాయని 2022 చివర్లో పత్రికల్లో వచ్చింది. అంటే కంటికి కనిపించని పాచిపనివాళ్ళు దీనికీ ఉన్నారు. ఎవరి ఇంటి గుట్టో ఎవరి చేతిలోనో పడటం కువైట్‌కు వెళ్ళొచ్చినవాళ్ళకు కొత్త కాదు గానీ, ఇక్కడ ఇంటివాళ్ళకు కొత్తే.

రూంబా చేసిన ఆ ఐరోబాట్‌ను 170 కోట్ల డాలర్లకు కొంటానన్న అమెజాన్ 2024 జనవరిలో తప్పుకుంది. 2025 చివర్లో ఐరోబాట్ దివాలా పత్రం దాఖలు చేసింది. చైనా కంపెనీలు మాత్రం ముందుకే పోతున్నాయి. ఆరు సెంటీమీటర్ల గడప ఎక్కే బుల్లికాళ్ళ రోబోను డ్రీమీ 2025లో తెచ్చింది. ఈలోగా అమలాపురం కొత్త అపార్ట్‌మెంట్లలో గదుల మధ్య గడపలు పెట్టడమే మానేస్తున్నారు. వీధి గుమ్మానికి ఒక్కటుంటే శాస్త్రానికి చాలంటున్నారు.

రోబో వచ్చిన ఇళ్ళలో పనిమనిషిని మాన్పించినవాళ్ళు అరుదు. వాకిలి ఊడ్చే రోబో లేదు, అంట్లు తోమే రోబో లేదు. ఇప్పుడు నడుస్తున్న బేరం జీతం గురించి. లోపల ఊడవడం తప్పింది కాబట్టి కొంత తగ్గించుకోమని అమ్మగారు అడుగుతారు. మిషను బ్రష్షుకు చుట్టుకున్న జుట్టు కోసి తీసేది, దుమ్ము డబ్బా దులిపేది, మురికినీళ్ళు పారబోసేది, సోఫా కింద ఇరుక్కుంటే చీపురు కర్రతో లాగేది తనే కాబట్టి తగ్గించేది లేదని పనిమనిషి అంటుంది. నాకు తెలిసినంతలో ఆమె మాటే నెగ్గుతోంది.