ఊరుమ్మడి దిబ్బల మీద పుట్టిన ఆట

సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సులో ఆదివారం పూట గోల్ఫ్ ఆడరు. జన్మలో ఒక్కసారైనా ఆడి రావాలని ప్రపంచంలోని గోల్ఫర్లంతా కలలుగనే ఆ పచ్చిక మీద ఆ రోజు పెద్దవాళ్లు కుక్కల్ని తిప్పుకుంటూ ఉంటారు. పిల్లలు పరుగులు తీస్తుంటారు. యూనివర్సిటీ విద్యార్థులు అడ్డదారిన వెస్ట్ సాండ్స్ బీచికి వెళ్తుంటారు. ఓపెన్ లాంటి పెద్ద టోర్నమెంట్ జరిగే రోజుల్లో తప్ప టికెట్టూ ఉండదు, ఆపేవాళ్లూ ఉండరు. 19వ శతాబ్దంలో ఈ మైదానం బాగోగులు చూసిన ఓల్డ్ టామ్ మోరిస్, ఆదివారం పెద్దమనుషులకు విశ్రాంతి అక్కర్లేకపోయినా నేలకు మాత్రం కావాలని అనేవాడట. ఆ కట్టుబాటు ఇప్పటికీ నడుస్తోంది.

మన దగ్గర గోల్ఫ్ అనగానే ఎత్తైన ప్రహరీ, గేటు దగ్గర సెక్యూరిటీ, లక్షల్లో సభ్యత్వం గుర్తొస్తాయి. ఆ ఆట పుట్టిల్లు మాత్రం ఎవరి సొంతమూ కాని ఊరుమ్మడి నేల. ఓల్డ్ కోర్సు గురించి రాసేవాళ్లు ఎక్కువగా విజేతల పేర్లు చెబుతారు. నాకు మాత్రం ఆ నేలను ఊరు ఎలా నిలబెట్టుకుందన్న కథే అన్నిటికన్నా గొప్పదనిపిస్తుంది.

సెయింట్ ఆండ్రూస్ స్కాట్లాండ్ తూర్పు తీరాన, ఫైఫ్ ప్రాంతంలో ఉన్న చిన్న పట్నం. యూనివర్సిటీ 1413 నాటిది. ఊళ్లోకి రైలు 1969లోనే ఆగిపోయింది. ఎడిన్‌బరా నుంచి లూకర్స్ స్టేషన్ దాకా రైల్లో వచ్చి, అక్కడ బస్సెక్కాలి. ఊరి అంచున, సముద్రానికీ సాగుభూములకూ మధ్య ఉన్న ఇసుక నేలనే లింక్స్ అంటారు. సముద్రం వెనక్కి జరిగి వదిలిన ఇసుకను గాలి దిబ్బలు దిబ్బలుగా పోసింది. మన చీరాల, బాపట్ల తీరంలో అలాంటి దిబ్బల మీద సరుగుడు తోటలు వేశారు. సెయింట్ ఆండ్రూస్‌లో మాత్రం చలికీ ఉప్పుగాలికీ పొట్టిగా, సన్నగా, గట్టిగా ఉండే గడ్డే ఎక్కువగా నిలబడింది. గొర్రెలూ కుందేళ్లూ దాన్ని నున్నగా మేసేవి. ఎంత వాన పడ్డా నీళ్లు క్షణాల్లో ఇంకిపోయేవి. గాలి తగలకుండా గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్ల గడ్డి చచ్చి, ఇసుక తేలి గుంటలు పడ్డాయని, అవే బంకర్లయ్యాయని చెబుతారు. నాగలికి పనికిరాని నేల కాబట్టే అది ఆటకు మిగిలింది. ఎవరో కూర్చుని గీసిన కోర్సు కాదది.

ఆట ఎప్పుడు మొదలైందో గానీ, 1457 నాటికే ప్రభుత్వానికి తలనొప్పి అయింది. రెండో జేమ్స్ రాజు కాలంలో స్కాట్లాండ్ పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ కలిపి నిషేధించింది. ఇంగ్లండ్‌తో ఎప్పుడు యుద్ధం వస్తుందో తెలియని రోజుల్లో కుర్రాళ్లు విలువిద్య మానేసి కర్రలూ బంతులూ పట్టుకు తిరుగుతున్నారన్నది ఫిర్యాదు. 1471లో ఒకసారి, 1491లో మరోసారి నిషేధించారు. మూడుసార్లు నిషేధించాల్సి వచ్చిందంటే జనం ఏపాటి ఖాతరు చేశారో అర్థమవుతూనే ఉంది. చివరికి 1502లో నాలుగో జేమ్స్ రాజే పెర్త్ పట్నంలో విల్లులు చేసే పనివాడి దగ్గర గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు.

అసలైన కాగితం 1552 నాటిది. లింక్స్‌లో కుందేళ్లు పెంచుకోవడానికి ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్‌కు ఊరు ఒప్పుకుంది. దానికి బదులుగా ఆ నేల మీద గోల్ఫ్, ఫుట్‌బాల్, విలువిద్య ఆడుకునే హక్కు, పశువుల్ని మేపుకునే హక్కు ఊరి జనానివేనని ఆయన రాసిచ్చాడు. గోల్ఫ్‌కు సంబంధించిన హక్కు ఒక ఊరికి లిఖితపూర్వకంగా దక్కడం, అదీ ప్రభువులకు కాకుండా మామూలు జనానికి దక్కడం చిన్న సంగతి కాదు.

ఆ కాగితం విలువ ఎంతో రెండున్నర శతాబ్దాల తర్వాత తెలిసింది. 1797లో ఊరు దివాలా తీసి లింక్స్‌ను అమ్ముకుంది. రెండేళ్లకు అది డెంప్‌స్టర్ కుటుంబం చేతికొచ్చింది. వాళ్లు కుందేళ్ల వ్యాపారులు. మాంసానికీ తోలుకూ పనికొచ్చే కుందేళ్లను వేల సంఖ్యలో వదిలేసరికి ఆట స్థలమంతా బొరియలమయం అయింది. ఊరి జనం కుందేళ్లను చంపారు, వ్యవహారం కోర్టుకెక్కింది. తగాదా లండన్‌లోని హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. 1821లో పక్కనే ఉన్న స్ట్రాతైరమ్ ఎస్టేటు యజమాని జేమ్స్ చీప్ ఆ నేల కొని గోల్ఫ్‌కు నిలబెట్టాకే గొడవ సద్దుమణిగింది. 1894లో చట్టం ద్వారా లింక్స్ మళ్లీ ఊరి కౌన్సిల్ కిందికి వచ్చింది. 1974లో మరో చట్టం చేసి నిర్వహణను ఒక ట్రస్టుకు అప్పగించారు. ఆట మొదలయ్యే మొదటి టీ వెనక ఠీవిగా కనిపించే 1854 నాటి రాతి భవనం రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బుది. చాలామంది కోర్సు కూడా ఆ క్లబ్బుదేననుకుంటారు. కాదు.

ఆ క్లబ్బు 1754లో 22 మంది పెద్దమనుషుల సంఘంగా మొదలైంది. గోల్ఫ్‌కు 18 హోల్స్ అన్న లెక్క అక్కడిదే. అప్పట్లో 11 హోల్స్ ఆడుతూ వెళ్లి, అవే 11 ఆడుతూ తిరిగొచ్చేవారు, మొత్తం 22. 1764లో మొదటి నాలుగు మరీ చిన్నవిగా ఉన్నాయని వాటిని రెండుగా కలిపారు. పోయేటప్పుడు రెండు, వచ్చేటప్పుడు రెండు తగ్గి 18 మిగిలాయి. ఇందులో శాస్త్రం ఏమీ లేదు, ఒక ఊరి సౌకర్యం లోకానికి నియమమైంది. ఆడేవాళ్లు పెరిగి, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ ఢీకొనడంతో హోల్ చుట్టూ ఉండే నున్నటి పచ్చికలను, అంటే గ్రీన్లను, వెడల్పు చేసి ఒక్కో గ్రీన్ మీద రెండేసి హోల్స్ తవ్వారు. అలాంటి జంట గ్రీన్లు ఇప్పటికీ ఏడున్నాయి. వాటిని పంచుకునే హోల్స్ అంకెలు కలిపితే ఎప్పుడూ 18 వస్తుంది: రెండు, పదహారు; మూడు, పదిహేను; ఇలాగ.

ఆడాలంటే బయటివాళ్లకు ముఖ్యమైన దారి లాటరీ. ఆడదలుచుకున్న రోజుకు రెండు రోజుల ముందు పేరిస్తే, సాయంత్రానికి ఫలితం వస్తుంది. ఆట స్థాయిని చెప్పే హ్యాండికాప్‌కు రుజువు చూపించాలి. సభ్యుల సిఫార్సు అక్కర్లేదు. ఊళ్లో కాపురముండేవాళ్లకు తక్కువ రుసుముకే ఏడాది టికెట్టు దొరుకుతుంది.

లాటరీలో పేరొచ్చి మొదటి టీ మీద నిలబడినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచింది మైదానం వెడల్పు. మొదటి హోల్, పద్దెనిమిదో హోల్ ఒకే పచ్చికను పంచుకుంటాయి. 129 గజాల వెడల్పులో ఒక్క బంకరూ లేదు. మధ్యలోంచి గ్రానీ క్లార్క్స్ వైండ్ అనే ఊరి దారి అడ్డంగా పోతుంది. తోపుడుబండిలో పాపాయిని పడుకోబెట్టుకుని ఒక తల్లి దాటేదాకా మేమందరం ఆగాం. ఆమె తొందరపడలేదు, మా సంచులు మోసే క్యాడీ కూడా తొందరపెట్టలేదు. దారి హక్కు ఆమెది.

బంతిని గాల్లోకి లేపడం అక్కడ తెలివైన పని కాదు. క్యాడీ మాటిమాటికీ, "కిందనే పోనివ్వండి, మిగతాది నేల చూసుకుంటుంది" అనేవాడు. గ్రీన్ ఇంకా ముప్పై గజాల దూరం ఉండగానే బంతిని నేల మీద దొర్లించే పటర్ చేతికిచ్చేవాడు. నేల గట్టిది, పైకి చదునుగా కనిపిస్తూనే లోలోపల ఎత్తుపల్లాలున్నది. ఒక గూనికి తగిలి పక్కకు మళ్లిన బంతి, ఇంకో వాలు పట్టుకుని జెండా వైపు తిరుగుతుంది. ఈడెన్ నది సముద్రంలో కలిసే మూలకు చేరేసరికి గాలి దిక్కు మారిపోయింది. పద్నాలుగో హోల్లో హెల్ బంకర్ అంచున నిలబడి లోపలికి చూశాను. పచ్చిక పలకలు కోసి వరసలు వరసలుగా పేర్చిన గోడ, నిలువెత్తున ఉంది. పలకల సందుల్లోంచి గడ్డి పరకలు వేలాడుతున్నాయి, కింద చదును చేసిన ఇసుక. ఇలాంటివి కోర్సులో 112 ఉన్నాయి. 2000 ఓపెన్లో టైగర్ వుడ్స్ నాలుగు రోజులూ ఒక్కదాంట్లోనూ పడకుండా గెలిచాడంటే ఆ నిగ్రహం ఎలాంటిదో అక్కడ నిలబడితేనే తెలుస్తుంది.

ఈ నేలను ఇప్పుడున్న రూపానికి తెచ్చింది ఓల్డ్ టామ్. పుట్టింది 1821లో, లింక్స్‌ను చీప్ కొన్న ఏడాదే. 14 ఏళ్లకు అలన్ రాబర్ట్‌సన్ దగ్గర బంతుల తయారీలో పనికి కుదిరాడు. అప్పటి బంతి తోలు సంచిలో టోపీడు బాతు ఈకలు ఉడికించి కూరి కుట్టినది. ఎంత పనివాడైనా రోజుకు నాలుగు చేస్తే గొప్ప. దాని ధర మామూలు మనిషికి అందేది కాదు. 1840ల్లో మలయా చెట్టు పాల నుంచి వచ్చే గట్టా పెర్చాతో చవక బంతులొచ్చాయి. దీని వెనక ఒక కథ చెబుతారు. ఆసియా నుంచి సెయింట్ ఆండ్రూస్‌లో పాటర్సన్ అనే కుటుంబానికి ఒక విష్ణుమూర్తి విగ్రహం వచ్చిందట. విరక్కుండా దాని చుట్టూ గట్టా పెర్చా ముక్కలు పెట్టారట. ఆ ఇంటి అబ్బాయి వాటిని కరిగించి బంతి చేశాడట. కథ ఎలా ఉన్నా, కొత్త బంతితో ఆడినందుకు రాబర్ట్‌సన్‌తో చెడి, టామ్ ప్రెస్ట్‌విక్ వెళ్లిపోయాడు. ఈక బంతుల వ్యాపారం మాత్రం నిలవలేదు. గోల్ఫ్ పేదవాడి చేతికి మళ్లీ అందింది.

1860ల మధ్యలో ఊరికి తిరిగొచ్చిన టామ్ దాదాపు నలభై ఏళ్లు లింక్స్‌ను కనిపెట్టుకున్నాడు. ఇసుక చల్లితే గడ్డి గట్టిపడుతుందని కనిపెట్టి, ఇంకా చల్లండని పనివాళ్లను పోరేవాడు. ఓపెన్ నాలుగుసార్లు గెలిచాడు. కొడుకు యంగ్ టామ్ కూడా నాలుగుసార్లు గెలిచాడు, మొదటిసారి 1868లో, 17 ఏళ్లకు. 1875 సెప్టెంబరులో తండ్రీకొడుకులు నార్త్ బెర్విక్‌లో ఆడుతుండగా, ప్రసవంలో యంగ్ టామ్ భార్యకు ప్రాణం మీదికొచ్చిందని తంతి వచ్చింది. పడవలో సముద్రం దాటి వచ్చేసరికి తల్లీ బిడ్డా లేరు. ఆ క్రిస్మస్ రోజునే యంగ్ టామ్ చనిపోయాడు. వయసు 24. తండ్రి ఆ తర్వాత 32 ఏళ్లకు పైగా బతికాడు. ఇద్దరి సమాధులూ కేథడ్రల్ శిథిలాల ఆవరణలోనే ఉన్నాయి.

అక్కడికి నడిచేటప్పుడు సౌత్ స్ట్రీట్‌లో ఆగాలి. 1833లో అక్కడ తెరిచిన బడి పేరు మద్రాస్ కాలేజీ. ఈ ఊరివాడైన ఆండ్రూ బెల్ 1789లో మద్రాసు ఎగ్మూరులోని అనాథ బాలుర ఆశ్రమానికి అధికారి అయ్యాడు. మన వీధిబళ్లలో పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దుకోవడం చూసి, పెద్ద పిల్లలతో చిన్న పిల్లలకు చదువు చెప్పించే పద్ధతిని తయారుచేశాడు. అది మద్రాసు పద్ధతిగా బ్రిటన్ అంతా పాకింది. సంపాదించినదాంట్లో పెద్ద భాగం పుట్టిన ఊరికిచ్చి అక్కడ ఆ బడి పెట్టించాడు. గోల్ఫ్ యాత్రికులు దాన్ని చూడకుండా పోవడం నాకు బాధగా ఉంటుంది.

ఈ ఊరు గోల్ఫర్లలో ఎక్కువగా ప్రేమించింది అమెరికన్ బాబీ జోన్స్‌ను. 1921లో పదకొండో హోల్ దగ్గర విసిగిపోయి స్కోరు కార్డు చింపేసిన కుర్రాడతను. 1927లో అక్కడే ఓపెన్, 1930లో అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1958 నాటికి వెన్నుజబ్బుతో సరిగా నడవలేని స్థితిలో వస్తే ఊరు పౌరసత్వ గౌరవం ఇచ్చింది. అంతకుముందు అది దక్కిన అమెరికన్ 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆ గౌరవంతో ఈ ఊరివాళ్లకున్న హక్కులన్నీ జోన్స్‌కూ వచ్చాయి: లింక్స్‌లో కుందేళ్లు పట్టుకోవచ్చు, పచ్చిక పెళ్లలు కోసుకోవచ్చు, మొదటి హోల్లోనూ చివరి హోల్లోనూ బట్టలు ఆరేసుకోవచ్చు.