చీరాల - పేరాల: చట్టం, ఇంటిపన్ను, సాహిత్యం

చీరాల - పేరాల అనగానే మనకు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గుర్తొస్తాడు. రామదండు గుర్తొస్తుంది. కాషాయ దుస్తులు, రుద్రాక్షమాలలు, వూరు వూరంతా కదిలి వెళ్లిపోయిన దృశ్యం గుర్తొస్తాయి. పాఠ్యపుస్తకాలలోనూ, ఆకాశవాణి ప్రసంగాలలోనూ, జయంతి సభలలోనూ ఈ దృశ్యమే తిరిగి తిరిగి వస్తూ వుంటుంది. అయితే ఆ జనం దేనిమీద తిరగబడ్డారు? తెల్లవాడి మీద అని జవాబు చెప్పేసి మనం ముందుకు పోతాం. ఆ జవాబు అబద్ధం కాదు, కానీ చాలదు. వాళ్లు తిరగబడింది ఒక చట్టం మీద, ఆ చట్టం తమ ఇంటికి కట్టిన వెల మీద. ఈ సంగతి మన సాహిత్య చరిత్రలోకీ, దేశభక్తి సాహిత్యంలోకీ ఎందుకు రాలేదో ఆలోచించటం అవసరం.

ముందు ఆ చట్టాల పుట్టుక చూద్దాం. స్థానిక స్వపరిపాలన అనే మాట వినసొంపుగా వుంటుంది. 1882లో రిప్పన్ ప్రభువు తీర్మానంతో అది మనకు ప్రసాదించబడిందని చదువుకున్నాం. దానికి పన్నెండేళ్ల ముందు, 1870లో మేయో ప్రభుత్వం చేసిన ఆర్థిక వికేంద్రీకరణ గురించి మాత్రం అంతగా చదువుకోలేదు. 1857 తిరుగుబాటు తర్వాత ఖజానా మీద పడిన భారాన్ని కేంద్రం రాష్ట్రాల మీదికీ, రాష్ట్రాలు స్థానిక సంస్థల మీదికీ దించుకుంటూ వచ్చాయి. రోడ్డు కావాలా, బడి కావాలా, పారిశుధ్యం కావాలా, అయితే మీ వూళ్లోనే పన్ను వేసుకోండి అన్నది దాని సారాంశం. మద్రాసు రాష్ట్రంలో 1871 నాటి స్థానిక నిధుల చట్టం, పట్టణాల చట్టం ఈ పునాది మీద వచ్చినవే. రిప్పన్ తీర్మానం తర్వాత 1884లో జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. 1920లో రెండింటినీ తిరగరాశారు. అంటే మన దగ్గర స్వపరిపాలన పన్ను చేతిని పట్టుకుని నడిచి వచ్చింది. పన్ను పెద్దన్న, స్వపరిపాలన తమ్ముడు.

ఇక చీరాల సంగతి. చీరాల, పేరాల అప్పుడు గుంటూరు జిల్లాలో పక్కపక్కనే వున్న రెండు వూళ్లు. జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిపి వాటిని ఒక యూనియన్‌గా వుంచారు. జనాభా సుమారు 15,000. అందులో పెద్ద పాలు చేనేతవాళ్లు, చిన్న రైతులు. జాండ్రపేట పేరులోనే నేతవాళ్లున్నారు. చీరాల రుమాళ్లు అరబ్బు దేశాల దాకా పోయేవి. యూనియన్‌గా వున్నప్పుడు ఏటా వసూలయ్యే పన్ను 4,000 రూపాయలు. 1919లో మద్రాసు ప్రభుత్వం దీన్ని మునిసిపాలిటీ చేసింది. దానితో పన్ను 40,000కు పెరిగిందని చరిత్రకారులు చెప్పే లెక్క. తలసరి వేసి చూస్తే నాలుగణాల చిల్లర నుంచి రెండు రూపాయల పదణాల పైకి. నేతపనివాడి కుటుంబంలో అయిదుగురుంటే పదమూడు రూపాయలు దాటుతుంది. ఆ రోజుల్లో ఆ రూపాయల విలువేమిటో పాఠకులు వూహించుకోవచ్చు.

ఈ పాఠం చెబుతున్నప్పుడు తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు, "ఎంత పన్ను సార్?" అని అడిగాడు. పుస్తకంలో అంకె లేదు. గోపాలకృష్ణయ్య గారి బిరుదు వుంది, చదివిన విదేశీ విశ్వవిద్యాలయం పేరు వుంది. పన్ను ఎంతో లేదు.

అంకె కన్నా ముఖ్యమైనది ఆ పన్ను కట్టే పద్ధతి. మునిసిపల్ చట్టం ప్రకారం ఇంటిపన్నుకు ఆధారం ఆ ఇంటి సాలుసరి విలువ. అంటే, ఆ ఇంటిని అద్దెకిస్తే ఏడాదికి ఎంత రావచ్చునో అంత. 1920 చట్టం ఆ అద్దెలోంచి మరమ్మతుల కింద నూటికి పది తగ్గించమని కూడా దయతో చెప్పింది. లండన్ వీధుల్లో అద్దెకొంపలు కట్టించి బతికే యజమానికి ఈ లెక్క సరిగ్గా సరిపోతుంది. చీరాల నేతగాడి ఇల్లు ఎవరికి అద్దెకిస్తాడు? ఆ ఇల్లే అతని కార్ఖానా. గుంటమగ్గం నట్టింట్లో వుంటుంది. పడుగు వీధిలో సాస్తారు, ఆడవాళ్లు వసారాలో కండెలు చుడతారు. ఆ ఇంటి నుంచి అతనికి అద్దె ఎన్నడూ రాలేదు, రాబోదు. వచ్చేదల్లా మజూరీ. రాని అద్దెను వచ్చినట్టు వూహించి, ఆ వూహ మీద నిజమైన రూపాయలు వసూలు చెయ్యటం ఈ చట్టం చేసిన పని. దీని మీద వృత్తిపన్ను, నీటిపన్ను, బండిపన్ను వగైరాలు అదనం.

మునిసిపాలిటీ వద్దు అన్నవాళ్లు మురికిని ప్రేమించినవాళ్లు అని ఆనాటి అధికారులు ప్రచారం చేశారు. ఈ వాదాన్ని తేలిగ్గా తోసిపుచ్చటం సరికాదు. కలరా వచ్చే వూళ్లకు మురికికాల్వలు అక్కర్లేదని ఏ అభ్యుదయవాదీ అనడు. కాల్వలు ఎవరి డబ్బుతో కట్టాలన్నది ప్రశ్న. భూమిశిస్తు, రైలు, ఉప్పు, ఎక్సైజు ఆదాయం అంతా పైకి పోతుంది. కాల్వ ఖర్చు మాత్రం కింద మిగులుతుంది. చీరాల జనం అర్జీలు పెట్టుకున్నారు, సభలు చేశారు. 1921 జనవరిలో ఎన్నికైన కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం ఏం చేసింది? జీతం తీసుకునే ఛైర్మన్‌ను వేసి మునిసిపాలిటీని నడిపించింది. కౌన్సిల్ లేకుండా కౌన్సిల్ పని సాగిపోయింది. స్థానిక స్వపరిపాలన చట్టంలోని అసలు బలం ఎక్కడుందో ఈ ఒక్క చర్య తేల్చి చెప్పింది. సభ్యులు వుంటే వుంటారు, లేకపోతే లేదు. వసూలు మాత్రం ఆగదు. పన్ను కట్టనివారి మీద కేసులు పెట్టి జైలుకు పంపారు. వారిలో రావూరి అలమేలుమంగమ్మ అనే స్త్రీ కూడా వుంది.

ఇక్కడ మన జాతీయోద్యమ చరిత్రకారులు తరచుగా దాటవేసే విషయం ఒకటుంది. ఆ సమయానికి స్థానిక స్వపరిపాలన శాఖ తెల్లదొర చేతిలో లేదు. 1919 సంస్కరణల ద్వంద్వ పాలన కింద అది మంత్రులకు బదిలీ అయిన శాఖ. 1920 డిసెంబరులో ఏర్పడిన జస్టిస్ పార్టీ మంత్రివర్గంలో ఆ శాఖ మంత్రి పానగల్లు రాజా, అంటే పానగంటి రామరాయణింగారు. తెలుగువాడు, బ్రాహ్మణేతర ఉద్యమ నాయకుడు. 1921 జూలైలో ముఖ్యమంత్రి అయ్యాడు. విద్య, వైద్యం, స్థానిక పాలన మంత్రులకిచ్చి, ఆర్థికం, భూమిశిస్తు, పోలీసు గవర్నరు తన దగ్గర పెట్టుకున్నాడు. బడి పెట్టే బాధ్యత ఒకరిది, డబ్బుసంచి ఇంకొకరిది. అలాంటప్పుడు ఆ మంత్రికి చేతనైన మార్గం స్థానిక పన్నులు పెంచటమే. మంత్రి మారలేదు, మునిసిపాలిటీ రద్దు కాలేదు. దీన్ని చూసి బ్రాహ్మణేతరోద్యమం అంతా దళారీతనం అని తీర్పు చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ ఉద్యమానికి తన న్యాయం తనకుంది. అయితే కౌన్సిల్లో కుర్చీ దొరికినంత మాత్రాన రాజ్యం చేతికి రాదని చీరాల నేతగాళ్ల ఇంటిపన్ను రశీదులు చెబుతున్నాయి.

1921 మార్చి ఆఖరున విజయవాడలో అఖిల భారత కాంగ్రెసు సంఘం సమావేశం జరిగింది. అది ముగిశాక గాంధీ ఏప్రిల్ 6న చీరాల వచ్చాడు. రెండు దారులు చెప్పాడు: పన్ను కట్టకుండా అహింసతో శిక్షలు అనుభవించటం, లేదా మునిసిపల్ హద్దులు దాటి వెళ్లిపోవటం. దీనికి కాంగ్రెసు బాధ్యత వహించదని కూడా చెప్పాడు. శాసనోల్లంఘనకు దేశం ఇంకా సిద్ధంగా లేదని విజయవాడలోనే నిర్ణయించారు కదా. జనం రెండో దారి పట్టారు. ఆ వేసవిలో సుమారు 13,000 మంది ఇళ్లు విడిచి హద్దు అవతల తాటాకు పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టారు. పంచాయతీ కోర్టు, తమ సభ, రామదండు కాపలా, అన్నీ ఏర్పాటు చేసుకున్నారు. సుమారు పదకొండు నెలలు అలా వున్నారు.

చట్టాన్ని చట్టం గీసిన గీతతోనే ఓడించటం ఇందులో గొప్పతనం. పన్ను హద్దులోపలి ఇంటికి. మనిషి హద్దు బయట వుంటే పన్నేది? ఎడింబరోలో చదివి, ఆనంద కుమారస్వామితో కలిసి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చిన గోపాలకృష్ణయ్య బుర్రకే ఇది తట్టిందని కొందరు, గాంధీ ఇచ్చిన సలహా అని కొందరు వాదించుకుంటారు. అడిగితే నేతగాళ్లేం చెప్పి వుండేవారో! నిజాం ఇలాకాలోనైనా, జమీందారీల్లోనైనా శిస్తు భరించలేని రైతులు రాత్రికి రాత్రి వూరు విడిచి పోవటం మన దేశంలో పాతకాలం నుంచీ వున్న ప్రతిఘటనే. చీరాలలో అది పట్టపగలు, సంఘంగా జరిగింది.

రామదండు, రామనగర్ అనే పేర్ల గురించి కూడా ఒక మాట. ఆ రాముడి పరిభాష జనాన్ని కూడగట్టింది, నిజమే. అదే పరిభాష పోరాటపు అసలు కారణాన్ని కప్పేసింది కూడా. వనవాసం అన్న తర్వాత దాన్ని భరించటమే ఘనత అవుతుంది. అది ఎవరికి ఎంత ఖర్చయిందో లెక్క చూడటం అల్పత్వమవుతుంది. కాస్త భూమి, కాస్త నిలవ ధనం వున్నవాడు పాకలో పదకొండు నెలలు గడపగలడు. గుంటమగ్గాన్ని భుజాన వేసుకుపోలేం. కొత్త చోట మళ్లీ గుంట తవ్వాలి, పడుగు సాచే జాగా చూసుకోవాలి, వాన పడితే నూలు తడవకుండా కాపాడుకోవాలి. త్యాగం అందరిదీ ఒకటే కాదు. గోపాలకృష్ణయ్య నిధుల కోసం బరంపురం వెళ్లి, నిషేధాజ్ఞ ధిక్కరించి అరెస్టయ్యాడు. ఏడాది శిక్ష పడి తిరుచిరాపల్లి జైలుకు పోయాడు. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా తర్వాత బార్డోలీలో గాంధీ అంతా ఆపేశాడు. నాయకుడు లేడు, డబ్బు లేదు, వెనక నిలబడాల్సిన సంస్థ వెనక్కి తగ్గింది. జనం తిరిగి ఇళ్లకు వచ్చారు.

ఇప్పుడు సాహిత్యం దగ్గరికి వద్దాం. కొండ వెంకటప్పయ్య, టంగుటూరి ప్రకాశం, అయ్యదేవర కాళేశ్వరరావు గార్ల స్వీయచరిత్రల వంటివి ఆ కాలాన్ని నాయకుల కంటితో చూపిస్తాయి. అది వాటి తప్పు కాదు. కానీ నేతగాడి కంటితో చీరాలను చూసిన ఒక నవల, దానితో సాటి వచ్చే ఒక కథ, మనకు నిలిచాయని చెప్పలేం. ఆ కాలపు వ్యవసాయ కూలీ జీవితాన్ని ఉన్నవ లక్ష్మీనారాయణ జైల్లో కూర్చుని మాలపల్లిగా రాశాడు. దానికి నిషేధాలు కూడా తప్పలేదు. చీరాలకు ఒక ఉన్నవ దొరకలేదు. కారణం ప్రతిభ కొరత అనుకోను. శిస్తు, కౌలు, వడ్డీ మన రచయితలకు కథావస్తువులుగా అలవాటయ్యాయి. కోర్టు, పోలీసు గురజాడ కాలం నుంచీ పాత్రలుగా నడుస్తున్నాయి. మునిసిపాలిటీ మాత్రం హాస్యానికి పనికొచ్చిన మేరకు విషాదానికి పనికిరాలేదు. దోమలు, మురికికాల్వ, వీధిలాంతరు, లంచం తిన్న కౌన్సిలరు - ఇంతవరకే. చట్టాన్ని చట్టంగా పట్టుకుని అది మనుషుల్ని ఎలా మలుస్తుందో చూపించిన రచయిత రావిశాస్త్రి. మద్యనిషేధ చట్టం లేకపోతే ఆరు సారా కథలు లేవు. ఆ చట్టంలోని ప్రతి సెక్షనూ ఎవరి జేబులోకి దారి తీస్తుందో ఆయనకు తెలుసు, వకీలు కనుక. ఇంటిపన్ను చట్టానికి అలాంటి చూపు ఇంకా రావాలి.

ఇది వందేళ్ల కిందటి గొడవ, ఇప్పుడెందుకు అనవచ్చు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మునిసిపల్ చట్టాలను సవరించింది. అద్దె విలువ ఆధారం తీసేసి, స్థిరాస్తి మూలధన విలువను ఆధారం చేసింది. అంటే రిజిస్ట్రేషను శాఖ కట్టే ధర. ఒక్కసారిగా పెరగకుండా ఏటా నూటికి 15 మించరాదని పరిమితి పెట్టింది. ఎన్నడూ అద్దెకివ్వని ఇంటి అద్దె పోయి, ఎన్నడూ అమ్మని ఇంటి అమ్మకం ధర వచ్చింది. పక్కన ఒక పెద్ద భవనం లేస్తే నా పెంకుటిల్లు విలువ పెరుగుతుంది. నా జీతం పెరగదు.

ఆ సవరణ పుట్టుక కూడా పాత దారిలోనే వుంది. ఆ ఏడాది కేంద్రం, రాష్ట్రాలు అదనంగా అప్పు చేసుకోవాలంటే కొన్ని సంస్కరణలు చెయ్యాలని షరతు పెట్టింది. ఆస్తిపన్నును రిజిస్ట్రేషను ధరలతో ముడిపెట్టటం వాటిలో ఒకటి. షరతు తొలుత నెరవేర్చిన రెండు రాష్ట్రాలు మధ్యప్రదేశ్, ఆంధ్రప్రదేశ్. దానికి ప్రతిఫలంగా ఆంధ్రప్రదేశ్‌కు దక్కింది 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పు చేసుకునే అనుమతి. సొమ్ము కాదు, అప్పు. అప్పటికి పట్టణాలలో ఎన్నికైన కౌన్సిళ్లున్నాయా? 2014లో ఎన్నికైన వాటి గడువు 2019లో తీరిపోయింది, మళ్లీ ఎన్నికలు జరిగింది 2021 మార్చిలో. మధ్యలో ప్రత్యేకాధికారుల పాలన. పట్టణ స్థానిక సంస్థల ఎన్నికలు గడువు తీరకముందే, రద్దయితే ఆరునెలల్లోపు జరగాలనే 74వ రాజ్యాంగ సవరణ 1993 నుంచీ అమల్లో వున్నా ఇదే జరిగింది. 1921లో జీతగాడు ఛైర్మన్ చేసిన పనికీ దీనికీ తేడా ఏమిటో చట్టం చదివినవారు చెప్పాలి. 2021లో పట్టణాలలో మొదలై జనం నోట చెత్తపన్ను అనిపించుకున్న వసూలుదీ ఇదే కథ. అది పైనుంచి వచ్చింది, ప్రభుత్వం మారాక 2024లో పైనుంచే పోయింది. వచ్చినప్పుడూ పోయినప్పుడూ వార్డు సభ్యుడు ప్రేక్షకుడే.

పరిశోధన చేసే సాహిత్య విద్యార్థులకు ఇక్కడ పని వుంది. మామిడిపూడి వెంకటరంగయ్య గారు సంపాదకత్వం వహించిన స్వాతంత్ర్యోద్యమ చరిత్ర సంపుటాలలో ఆ కాలపు ప్రభుత్వ పత్రాలున్నాయి. వాటిని ఇంతవరకు రాజకీయ చరిత్రకే వాడుకున్నాం. వాటి పక్కన జాండ్రపేట నేత కుటుంబాలలో తాతలు చెప్పగా విన్న మాటలు పెట్టి చదవాలి. రామనగర్‌లో మగ్గాలు ఆడాయా, ఆడితే నూలు ఎవరిచ్చారు, గుడ్డ ఎవరు కొన్నారు, ఇళ్లకు తిరిగొచ్చాక బాకీపన్ను ఎలా తీర్చారు, దానికి ఎవరి దగ్గర అప్పు తెచ్చారు - ఈ ప్రశ్నలు ఆ వీధుల్లోనే అడగాలి.