అక్షరానికి రంగు అంటిన వేళ

పలమనేరు నుంచి పుంగనూరు మీదుగా, తలకు పసుపు పూసుకున్న కిలోమీటరు రాళ్ళు చూసుకుంటూ పోతే మదనపల్లె వస్తుంది. 1919లో రవీంద్రుడు జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది అక్కడి దివ్యజ్ఞాన కళాశాలలోనే. ఆ ముచ్చట అందరూ చెబుతారు. ఆ కళాశాలను 1915లో నిలబెట్టిన దివ్యజ్ఞాన సమాజానికి రంగుల మీద ఉన్న పట్టింపు మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఆ సమాజ నాయకులు అనీబిసెంట్, లెడ్‌బీటర్ కలిసి రాసిన ‘థాట్ ఫార్మ్స్’ నిండా రంగుబొమ్మలే: కోపం ఎరుపు, భక్తి నీలం, తెలివి పసుపు. వాళ్ళకు ముందే సమాజ స్థాపకురాలు బ్లావట్స్కీ రంగులకు, అంకెలకు, స్వరాలకు లంకె కలిపింది.

మనకూ ఇది కొత్త కాదు. 13వ శతాబ్దపు ‘సంగీత రత్నాకరం’లో శార్ఙ్గదేవుడు గాంధారానికి బంగారు రంగు, మధ్యమానికి మల్లెల తెలుపు, పంచమానికి నలుపు చెప్పాడు. 1577 నాటి ‘షట్చక్ర నిరూపణం’లో మూలాధార పద్మం నాలుగు రేకుల మీద వ, శ, ష, స బంగారంలా మెరుస్తాయి.

వీటిలో ప్రతిదీ లోకమంతటికీ కలిపి ఒకే పట్టిక వేసింది. అక్షరాల్లో, అంకెల్లో నిజంగా రంగులు కనబడేవాళ్ళ సంగతి వేరు. 1812లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో జార్జ్ సాక్స్ అనే వైద్య విద్యార్థి, పుట్టుకతోనే ఒళ్ళు తెల్లబారిన తన గురించి, చెల్లెలి గురించి సిద్ధాంత వ్యాసం రాస్తూ, అక్షరాలూ అంకెలూ తనకు రంగుల్లో తోస్తాయని చెప్పాడు. ఇలాంటివాళ్ళు నూటికి ఒక్కరు ఉంటారని అంచనా. ఒకరి రంగు ఇంకొకరితో కలవదు. కానీ అదే మనిషిని ఏళ్ళ తర్వాత అడిగినా అదే రంగు చెబుతాడు. నన్ను కట్టిపడేసేది ఈ నిలకడే.

2001లో మెదడు పరిశోధకులు వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ ఒక పరీక్ష పెట్టారు. కాగితం నిండా నల్లటి 5 అంకెలు, వాటి మధ్య త్రికోణంగా పేర్చిన 2 అంకెలు. మనం వెతుక్కోవాలి. రంగులు కనబడేవాళ్ళు ఆ ఆకారాన్ని మనకన్నా తేలిగ్గా పట్టేశారు. మెదడులో అంకెను గుర్తుపట్టే చోటు, రంగును పోల్చుకునే చోటు ఇరుగుపొరుగు, వాటి మధ్య దారులు ఎక్కువగా ఉంటే ఇలా జరుగుతుందని వాళ్ళ వాదన.

మరి ఆ రంగు ఎక్కడి నుంచి వస్తుంది? కొందరికి చిన్నప్పటి బడి నుంచే. దివ్యజ్ఞాన సమాజం వాళ్ళే 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరీని మద్రాసులోని అడయారుకు పిలిపించారు. ఆమె బడిలో అచ్చులు నీలం, హల్లులు ఎరుపు. లెక్కల పూసల్లో ఒకటి ఎరుపు, రెండు ఆకుపచ్చ, మూడు గులాబీ, నాలుగు పసుపు. చదువు నేర్చే వేళ చూసిన ఇలాంటి రంగులు కొందరిలో జీవితాంతం నిలిచిపోతాయి. 2015లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధనలో అక్షరాలు రంగుల్లో తోచే 6,588 మందిని చూస్తే, దాదాపు 6 శాతం మంది అక్షరాల రంగులు ఫిషర్ ప్రైస్ ఆటబొమ్మల కంపెనీ అయస్కాంత అక్షరాల రంగులతో సరిపోయాయి. 1970ల చివర్లో పుట్టినవాళ్ళలో అది 15 శాతం దాకా పోయింది.

మిగతావాళ్ళ మాట? రచయిత నబకోవ్ చిన్నప్పుడు అక్షరాల దిమ్మలతో ఆడుకుంటూ, వీటి రంగులన్నీ తప్పని అమ్మతో అన్నాడు. ఆమె కసురుకోలేదు. ఆమెకూ అక్షరాలు రంగుల్లోనే తోచేవి, కొన్ని ఇద్దరికీ కలిశాయి కూడా. పలమనేరు అంగన్‌వాడీలో ఏ పాపైనా “అ ఎర్రగా ఉండదు మిస్, పచ్చగా ఉంటాది” అంటే, ఆ మాట రాసి పెట్టుకుని ఆరునెలలాగి మళ్ళీ అడగండి.