బ్రోరా బట్టీ మళ్ళీ వెలిగింది. మరి ఖాళీ చేసిన ఊళ్ళు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. ఇది విస్కీ గురించే, కానీ అసలు విషయం భూమి.

స్కాట్లాండ్ ఉత్తరాన సదర్లాండ్ అనే ప్రాంతంలో, సముద్రం ఒడ్డున బ్రోరా అనే చిన్న ఊరుంది. 1819లో అక్కడ ఒక విస్కీ బట్టీ కట్టారు. కట్టించింది మార్క్విస్ ఆఫ్ స్టాఫర్డ్ అనే పెద్ద భూస్వామి. సదర్లాండ్‌లో చాలా భాగం ఆయన భార్య వారసత్వం.

లోపలి లోయల్లో గేలిక్ మాట్లాడే జనం తరతరాలుగా పశువులు కాసుకుంటూ, బార్లీ పండించుకుంటూ బతికేవాళ్ళు. భూమి మీద వాళ్ళకి ఏ పత్రమూ లేదు. గొర్రెల మందలకిస్తే కౌలు ఎక్కువొస్తుందని ఎస్టేటు వాళ్ళు ఆ లోయలు ఖాళీ చేయించారు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ళు తగలబెట్టారు. ఆ పని చేయించిన పాట్రిక్ సెల్లర్ మీద 1816లో కేసు నడిచింది. నిర్దోషి అని వదిలేశారు. 1819లో మళ్ళీ పెద్ద ఎత్తున ఖాళీ చేయించారు. జనాన్ని ఒడ్డుకి తోలి, చిన్న చిన్న ముక్కలిచ్చి, చేపలు పట్టుకోండి అన్నారు. కొందరు ఓడలెక్కి కెనడా పోయారు.

బట్టీ కట్టింది కూడా ఆ ఏడే. జనం సొంతంగా కాచుకుంటే అది దొంగసారా. రైతుల బార్లీ ఆ దొంగ బట్టీలకి పోకుండా దొర బట్టీకి రావాలి. అదీ లెక్క.

ఈ లెక్క మనకి కొత్తదా? 1879 రంప తిరుగుబాటుకి ఒక కారణం కల్లు మీద వేసిన చిగురుపన్ను. ఇంట్లో తాగడానికి తీసుకునే కల్లుకి కూడా పన్ను కట్టమన్నారు.

మళ్ళీ బ్రోరాకి వద్దాం. 1960ల్లో పక్కనే కొత్త బట్టీ వచ్చింది. పాతది 1983లో మూతపడింది. మూసేశాక దాని సరుక్కి గిరాకీ పెరిగి, పాత సీసాలు లక్షల రూపాయలు పలికాయి. 2017లో డియాజియో కంపెనీ దాన్ని తిరిగి తెరుస్తామంది. బ్రోరా, పోర్ట్ ఎలెన్ అనే రెండు పాత బట్టీలకి కలిపి 3.5 కోట్ల పౌండ్లు ప్రకటించింది. పాత రాగి పాత్రలనే బాగుచేయించి, 2021 మేలో బ్రోరాలో మళ్ళీ మంట వెలిగించారు.

మంచిదే, ఊళ్ళో పని దొరికింది. కానీ చూడండి, రాగి పాత్రలు వారసత్వం అయ్యాయి. ఖాళీ చేసిన ఊళ్ళు మాత్రం రాళ్ళకుప్పలుగానే ఉన్నాయి. దొర విగ్రహం ఇప్పటికీ గోల్స్‌పీ ఊరి కొండ మీద నిలబడే ఉంది.

అయితే అక్కడి జనం ఊరుకోలేదు. బెట్టీహిల్‌లో ఒక పాత చర్చిని స్ట్రాత్‌నేవర్ మ్యూజియంగా మార్చి, తమవాళ్ళ కథ తామే చెబుతున్నారు.

అన్నలూ, అక్కలూ, తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! సెలవులకి ఊరెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అడగండి. పాత ఊరు ఎక్కడుండేది? ఎవరు లేపేశారు? ఇప్పసారా మీద కేసులు ఎప్పటినుంచి? వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే రాసి ఇక్కడ పెట్టండి.