ఐఎన్‌ఎస్ ఘరియల్: 1971లో కాక్స్ బజార్ ఒడ్డున ఏం జరిగింది? ఈ యుద్ధనౌక కథ ఇదీ..

1971 యుద్ధం అనగానే తెలుగువాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఘాజీ. విశాఖ తీరం దగ్గర ఆ పాకిస్తాన్ సబ్‌మెరైన్ మునిగిపోయిన ఘటనపై సినిమా కూడా వచ్చింది. తిరుపతి వాళ్లకైతే ఇంకో పేరు కూడా గుర్తుంటుంది.. మేజర్ జనరల్ సి.వేణుగోపాల్. జెస్సోర్ సెక్టార్‌లో గూర్ఖా బెటాలియన్‌ను ముందుండి నడిపించి మహావీర చక్ర అందుకున్న అధికారి ఆయన. 2021 ఫిబ్రవరిలో స్వర్ణ విజయ జ్యోతి తిరుపతికి వచ్చినప్పుడు అప్పటి సీఎం జగన్ స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి సన్మానించారు.

అదే యుద్ధంలో మరో గూర్ఖా బెటాలియన్‌ను సముద్రం మీదుగా పంపారు. వాళ్లను ఒడ్డుకు చేర్చే బాధ్యత రెండు నౌకలపై పడింది. ఒకటి ఐఎన్‌ఎస్ ఘరియల్, రెండోది ఐఎన్‌ఎస్ గుల్దార్. ఈ సంగతి గురించి మాట్లాడుకునేవాళ్లు చాలా తక్కువ.

అసలు ట్యాంక్ ల్యాండింగ్ షిప్ అంటే?

మామూలు ఓడకు హార్బర్ కావాలి. దీనికి అక్కర్లేదు. అడుగు భాగం చదునుగా ఉంటుంది కాబట్టి నేరుగా ఇసుక తీరం మీదికే వచ్చి ఆగుతుంది. ముందు భాగం తలుపులా తెరుచుకుంటుంది. అందులోంచి ట్యాంకులు, ట్రక్కులు, సైనికులు దిగిపోతారు. ఒడ్డుకు వచ్చే ముందే వెనక వైపు లంగరు వేసేస్తారు. పని అయ్యాక ఆ లంగరు తాడు లాక్కుంటూ ఓడ మళ్లీ నీళ్లలోకి వెనక్కి వెళ్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఇలాంటివి వెయ్యికి పైగా కట్టింది. మన నేవీకి మొదట వచ్చిన మగర్ కూడా ఆ యుద్ధకాలం నాటి బ్రిటిష్ నౌకే. 1949లో మన చేతికి వచ్చింది. ఘరియల్, గుల్దార్ మాత్రం 1966లో సోవియట్ యూనియన్ నుంచి తీసుకున్న పోల్నోక్నీ రకం నౌకలు. సైజులో మగర్ కంటే బాగా చిన్నవి.

ఆపరేషన్ బీవర్

డిసెంబర్ రెండో వారానికి తూర్పు పాకిస్తాన్‌లో పాక్ సైన్యం చుట్టుముట్టబడింది. వాళ్లు దక్షిణం వైపు నుంచి బర్మాలోకి తప్పించుకుంటారేమో అన్న అనుమానం వచ్చింది. ఆ దారికి అడ్డంగా ఉన్న ఊరు కాక్స్ బజార్. ఇప్పుడు రోహింగ్యా శిబిరాల వార్తల్లో మనకు తరచూ వినిపించే ఊరే. అక్కడ సైన్యాన్ని దించాలని హడావుడిగా నిర్ణయించారు. 1/3 గూర్ఖా రైఫిల్స్ జవాన్లను కలకత్తాలో విశ్వ విజయ్ అనే సరుకుల ఓడ ఎక్కించారు. నడి సముద్రంలో వాళ్లను ఘరియల్, గుల్దార్‌లలోకి మార్చారు. కొండల్లో పుట్టి పెరిగిన జవాన్లు. సముద్రం మీంచి దాడికి దిగే శిక్షణ వాళ్లకు లేదు. ఊగుతున్న ఓడలోంచి ఇంకో ఓడలోకి దిగడమే పెద్ద పని.

అసలు చిక్కు ఒడ్డు దగ్గర వచ్చింది. కాక్స్ బజార్ తీరంలో నీళ్ల కింద ఇసుక దిబ్బ ఉంది. దిబ్బ దాటాక, ఒడ్డుకు ముందు లోతైన కాలువ లాంటి పల్లం. పైనుంచి చూస్తే అది కనపడదు. నౌక వచ్చి దిబ్బ మీద ఆగింది. ఒడ్డు వచ్చేసిందనుకుని, వీపు మీద బరువులతో దిగిన జవాన్ల తల మీదికి నీళ్లు వచ్చాయి. ఇద్దరు మునిగి చనిపోయారు. దించడం ఆపేశారు. చివరికి మిగతావాళ్లను స్థానికుల నాటు పడవల్లో ఒడ్డుకు చేర్చాల్సి వచ్చింది.

తీరా దిగి చూస్తే అక్కడ శత్రువే లేడు. ఊరు అప్పటికే ముక్తి బాహిని చేతుల్లో ఉంది. డిసెంబర్ 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. ఒక్క తూటా కూడా ఎదురు రాని చోట ఇద్దరు జవాన్లు పోవడమే ఇందులో బాధాకరం. తప్పు నౌకది కాదు. ఆ తీరం లోతు ఎంత, వాలు ఎలా ఉంది అని ముందే కొలిచి చూసే టైమ్ ఎవరికీ దొరకలేదు. యుద్ధం గెలిచిన సంబరంలో ఈ ఘటన వెనక్కి వెళ్లిపోయింది.

రెండో ఘరియల్.. మన విశాఖలోనే

పాత ఘరియల్ రిటైరయ్యాక ఆ పేరు మళ్లీ వచ్చింది. ఈసారి నౌకను కట్టింది మన విశాఖపట్నంలోని హిందుస్థాన్ షిప్‌యార్డ్. 1997 ఫిబ్రవరి 14న నేవీలో చేరింది. పాతదానికి దీనికి పోలికే లేదు. పొడవు 120 మీటర్లకు పైనే. సుమారు 15 ట్యాంకులు, 500 మంది సైనికులను మోయగలదు. హెలికాప్టర్ కూడా దిగొచ్చు.

అయితే దీనికి ఎక్కువ పేరు తెచ్చింది సహాయ కార్యక్రమాలే. శ్రీలంక ఆర్థిక సంక్షోభంలో చిక్కుకున్నప్పుడు, 2022 ఏప్రిల్ 29న 760 కిలోలకు పైగా అత్యవసర మందులతో కొలంబో చేరింది. 2025 మార్చి 28న మయన్మార్‌ను భూకంపం కుదిపేసినప్పుడు కూడా ఇదే నౌక కదిలింది. విశాఖ నుంచి బయల్దేరి ఏప్రిల్ 5న యాంగోన్ దగ్గరి తిలావా పోర్టులో సరుకు దించింది. మొత్తం 442 టన్నులు. అందులో 405 టన్నులు బియ్యమే. మిగతాది వంట నూనె, బిస్కెట్లు, నూడుల్స్. 1971లో బర్మా వైపు దారి మూయడానికి వెళ్లిన పేరే, 54 ఏళ్ల తర్వాత అదే దేశానికి బియ్యం మోసుకెళ్లింది.