చదరంగ సాఫ్ట్‌వేర్ విపణిలో మైక్రోసాఫ్ట్: ‘చెస్ టైటాన్స్’ – ఒక పరిశీలన

2007 జనవరి 30న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ విస్టాను సామాన్య వినియోగదారులకు విడుదల చేసింది. అందులోని కొన్ని ఎడిషన్లలో ‘చెస్ టైటాన్స్’ అనే చదరంగం ఆట కూడా ఉంది. దానిని ఒబెరాన్ గేమ్స్ సంస్థ రూపొందించింది. దానికి విడిగా వెల లేదు. చదరంగ సాఫ్ట్‌వేర్ అమ్మకం మీదే ఆధారపడిన సంస్థలకు ఇది ఎంతటి ముప్పు?

మైక్రోసాఫ్ట్‌కు చదరంగం కొత్త కాదు. 1992 నాటి ఎంటర్‌టైన్‌మెంట్ ప్యాక్ నాలుగో సంపుటిలోనే ఒక చదరంగం ఉంది. కాకపోతే ఆ ప్యాక్‌ను విడిగా కొనుక్కోవాలి. విస్టా నాటికి ఆ సంస్థ అమ్మదలచినది ఆటను కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌ను. ఏ కోణానికైనా తిరిగే త్రిమితీయ బల్ల, దాని మీద మెరిసే పావులు కొత్త గ్రాఫిక్స్ సామర్థ్యానికి ప్రకటనల వంటివి. ఆట బలానికి పది స్థాయిలు ఉన్నాయి. ఇంట్లో సరదాగా ఆడేవారికి అవి చాలు.

గట్టి ఆటగాళ్ల అవసరం వేరు. వారికి వేల ఆటల భాండాగారం కావాలి, ఎత్తుఎత్తుకూ విశ్లేషణ కావాలి. ఆ పనికి హాంబర్గ్‌లోని చెస్‌బేస్ సంస్థ వారి ‘ఫ్రిట్జ్’ ఉంది. 2006 చివర బాన్ నగరంలో ‘డీప్ ఫ్రిట్జ్’ ప్రపంచ విజేత క్రామ్నిక్‌ను 4–2 తేడాతో ఓడించింది. అటువంటి సరుకుకు విస్టాలోని ఆట పోటీయే కాదు.

‘చెస్‌మాస్టర్’ సంగతి అలా కాదు. 1986లో సాఫ్ట్‌వేర్ టూల్‌వర్క్స్ ప్రారంభించిన ఆ వరుస చేతులు మారుతూ యుబిసాఫ్ట్‌కు చేరింది. దాని కొనుగోలుదారుల్లో అధికులు గృహ వినియోగదారులే. 2007లో వచ్చిన ‘గ్రాండ్‌మాస్టర్ ఎడిషన్’ తరువాత కంప్యూటర్లకు ఆ వరుసలో కొత్తది రాలేదు. అయినా దీనికి విస్టాయే కారణమని తేల్చడం తొందరపాటు. 2008 నవంబరులో వెలువడిన ‘స్టాక్‌ఫిష్’ ఉచితమే కాదు, దాని మూలసంకేతం కూడా బహిరంగం. కాలక్రమంలో అది అమ్మకపు ఇంజిన్లన్నిటినీ బలంలో మించిపోయింది. చెస్ టైటాన్స్ మాత్రం 2012లో విండోస్ 8 వచ్చేసరికి కనుమరుగైంది.

వెల కట్టి అమ్మేవారికి అసలు చిక్కు ఈ ఉచిత ఇంజిన్‌తోనే వచ్చింది. తమ సంకేతాన్ని లైసెన్సుకు విరుద్ధంగా వాడుకున్నారని స్టాక్‌ఫిష్ రూపకర్తలు 2021లో చెస్‌బేస్‌పై జర్మనీలో దావా వేశారు. 2022 నవంబరులో ఆ వివాదం రాజీతో ముగిసింది.